ఎడమచేతి వాటం

ఒడిలో ఏడు సంచులు, పక్కన ఒక గొడుగు, ఎవరో సగం తాగి మూత సరిగా బిగించకుండా వదిలేసిన నీళ్ళ సీసా. జనమంతా టికెట్టు కొనుక్కుని కోట చూస్తుంటే ఆమె సంచులు చూస్తోంది. "నువ్విక్కడే కూర్చో అక్కా. పైకి నూట ఎనభై మెట్లట. నీ మోకాళ్ళు నిన్ను తిట్టిపోసే లోపల నేనెళ్ళి నీ వంతు కూడా చూసొచ్చేస్తా" అంటూ పదిహేను తన సంచి మొదట ఆమె ఒళ్ళో పెట్టింది. అది చూసి మిగతా ఆరుగురూ సైకిల్ స్టాండులో సైకిళ్ళు పెట్టినట్టు వరసగా పెట్టేసి, "చీటీ ఇవ్వవా అక్కా?" అని ఒకతె నవ్వి, బిలబిలమంటూ మెట్ల వైపు పోయారు. పదిహేను అంటే వయసు కాదు, ముద్ర నంబరు. కుట్టు ఫ్యాక్టరీ చెకింగ్ హాల్లో అందరికీ పేర్లున్నాయి గానీ అవి జీతం కాగితం మీద కనబడటానికే. హాల్లో మనిషిని పిలిచేది చేతిలో ఉన్న రబ్బరు ముద్ర మీది అంకెతోనే. ఆమె పద్నాలుగు. ఇరవై రెండేళ్ళుగా పద్నాలుగు. ఇంట్లో గిన్నెలు తోముతుండగా పక్కింటి రేడియోలో ఎవరైనా పద్నాలుగు అంటే "ఆఁ" అని పలికిన మనిషి. పక్క టేబులు పదిహేను. ఆమెకన్నా పన్నెండేళ్ళు చిన్నది, నోరు ఆగదు, చెయ్యి అంతకన్నా ఆగదు. రోజూ ఆ నోటి చప్పుడు చెవిలో పడుతుంటేనే ఈమె చేతికి పని తోస్తుంది. ఇప్పుడా గొంతు మెట్ల మలుపులో ఎక్కడో పైకి పైకి పోతోంది. పోనీ, కాసేపు పోనీ. ఈ గంటసేపు ఆ మొహం చూడకుండా కూర్చుంటే చాలు. నాలుగింటికి బస్సు. ఇప్పుడు మూడు. మూడంటే మూడే, గడియారం అక్కర్లేదు, కళ్ళే చెప్తున్నాయి. ఎదురుగా గోడ విరిగిన చోట సముద్రం కనబడుతోంది, దాని మీద ఆకాశం, రెండింటికీ మధ్య ఒక గీత ఉండాలి, పొద్దున బస్సు దిగినప్పుడు ఉంది కూడా, ఇప్పుడు లేదు. తెల్లబట్ట మీద తెల్లదారం. కుట్టు ఎక్కడుందో తెలీదు.

పొద్దున టీ కోసం బస్సు ఆపినప్పుడే చెప్పాడు టేపు సారు. ఆయన సూపర్‌వైజరు. కొలిచే టేపు మెడలో వేసుకోకపోతే ఆయనకి చలేస్తుందని అందరూ అనుకుంటారు. విహారయాత్రక్కూడా వేసుకొచ్చాడు, కోట గుమ్మంలో ఫిరంగి కనబడగానే టేపు తీసి కొలిచాడు కూడా. నూట పన్నెండు అంగుళాలు అని ఎవరూ అడక్కుండా చెప్పాడు. మంచివాడే. మంచివాడు కావడమే ప్రాణం మీదికి తెచ్చింది. టీ గ్లాసు పట్టుకుని పక్కకి పిలిచి, పెళ్ళిచూపుల సంగతి చెప్పేంత మెల్లగా, "ఆస్పత్రి తెల్లకోట్ల లాటు తిరిగొచ్చింది పద్నాలుగూ. మూడొందల పన్నెండు. చంక కింద కుట్టు దాటేసి ఉంది, వేలు పెడితే ఇటునుంచి అటు వస్తోంది. అన్నిట్లోనూ పదిహేను ముద్రే. రేపు సోమవారం పైకి కాగితం పంపాలి. పంపితే తీసేస్తారు, ఇంకో మాటుండదు. ఇవాళ దానికి చెప్పకు, పాపం, సరదాగా తిరగనీ" అన్నాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "నీలాంటి కళ్ళు నాకు నాలుగు జతలుంటే హాలు మొత్తం నిశ్చింతగా నడిపేద్దును" అన్నాడు. అప్పుడు చెప్పాలి. అదే చోటు, అదే క్షణం. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆమె అన్న మాట ఏమిటయ్యా అంటే, "టీ చల్లారిపోతోంది సార్." ఇరవై రెండేళ్ళలో ఎంతమంది కుట్టుతప్పు పట్టుకుందో లెక్కలేదు గానీ తన నోట్లోంచి ఇలాంటి తప్పు జారుతుందని ఎప్పుడూ అనుకోలేదు. టీ చల్లారిపోతోందట. ఆయన నిజమేనని గ్లాసు ఎత్తి తాగేశాడు.

ఆ తెల్లకోట్లు చూసింది తను. ఒకటా రెండా, మూడొందల పన్నెండూ తనే. ఆ రోజు రెండు దాటాక పదిహేనుకి బడినుంచి ఫోనొచ్చింది, పాపకి ఒళ్ళు కాలిపోతోందని, నిలబడలేకపోతోందని, బడి ఆయా ఒళ్ళో పడుకోబెట్టారని. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు సెలవు పెట్టేసింది. మూడోసారి అడిగితే టేపు సారైనా ఏం చెయ్యగలడు, పైనున్నవాళ్ళు రాసి పెట్టుకున్నారు. "వెళ్ళు. పార్సిలు గేటులోంచి వెళ్ళు. నీ బండిళ్ళు నేను చూస్తా, సాయంత్రం నీ కార్డు నేను కొడతా" అంది ఆమె. పార్సిలు గేటంటే వెనక పెట్టెలు ఎక్కించే చిన్న తలుపు. అక్కడి ముసలి వాచ్‌మన్ పదిహేను మొహం ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా గడియ తీసి, గోడకేసి తిరిగి నిలబడ్డాడట. తను చూడలేదన్నట్టు. పదిహేను వెళ్ళేముందు తన ముద్ర ఆమె చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది, గుప్పిట్లో చెమటతో. ఆమె తన టేబులు పని చకచకా ముగించి, పక్క టేబుల్లోకి జరిగి కూర్చునేసరికి మూడు. తెల్లకోట్లు. తెల్లబట్ట, తెల్లదారం, తెల్లటి ట్యూబులైటు. మూడు దాటితే తనకి బట్ట మీద దారం కనబడదన్న సంగతి ఆమెకి తెలుసు. తెలుసు అంటే, ఇంట్లో ఒక గదికి తాళం వేసి అందులో ఏముందో తెలిసినట్టు తెలుసు. మామూలు రోజుల్లో మూడు దాటాక వేళ్ళతో చూస్తుంది. కుట్టు మీద చూపుడువేలు నడిపిస్తే తప్పిన చోట వేలు ఒక్క పిసరు జారుతుంది, మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేనట్టు. కానీ వేళ్ళకి టైం పట్టుద్ది. ఆ రోజు రెండు టేబుళ్ళ పని, ఒక్కతే మనిషి, రెండు చేతులు. పైపైన చూసి, తిప్పి, ముద్ర కొట్టి, మడిచి, పక్కన పెట్టి. పదిహేను. పదిహేను. పదిహేను. ఎంత బాగా పడిందో ముద్ర, ఒక్కటీ అలికిపోలేదు. తిరిగొచ్చినవాటిలో ఎవరిదో ఏమిటో అన్న సందేహం లేకుండా పడింది.

అమ్మ కూడా ఇంతే. అమ్మ ఎప్పుడూ కళ్ళు కనబడట్లేదని అనలేదు. గుమ్మంలో కూర్చుని సూదీ దారం పట్టుకుని, నాలుకతో తడిపి, మెలిపెట్టి, పొడిచి, పొడిచి, చివరికి "దీపం తగ్గిందే, ఇటు రా" అనేది. మిట్టమధ్యాహ్నం. దీపం లేదు, ఎండ ఉంది. ఆమె, అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల, సూది తీసుకుని ఒక్క పోటులో ఎక్కించి ఇచ్చి, ఆటకి పరిగెత్తేది. ఇంత చిన్న పనికి అమ్మ ఎందుకంత గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంటుందో అర్థమయ్యేది కాదు. ఇప్పుడు తనూ అదే మాట. హాల్లో ఎలక్ట్రీషియన్ చేత తన నెత్తి మీది ట్యూబులైటు రెండుసార్లు మార్పించింది. మూడోసారి పిలిస్తే వాడు నిచ్చెన మీంచి తొంగి చూసి, "ఇంతకన్నా వెలుగు కావాలంటే సూర్యుణ్ణి దింపాలి పెద్దమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. పదిహేను నవ్వలేదు. అది నవ్వకపోవడం ఆ రోజు గమనించలేదు. ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందో. ఇంట్లో ఆయనకి చెప్పిందొకసారి. ఆయన డిపోలో ముప్ఫై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్న మెకానిక్కు. "నాకు కళ్ళు కనబడట్లేదయ్యా" అంటే "కాళ్ళా? నాకూ లాగుతున్నాయి" అని నూనె సీసా తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. కోపం రాలేదు. నవ్వూ రాలేదు. కాళ్ళకి నూనె రాసుకుంది, ఆయనకీ రాసింది. ఆయనకి చెవులు లేవు, తనకి కళ్ళు లేవు, ఇద్దరికీ నోళ్ళు మాత్రం మిగిలాయి, అవి దేనికి పనికొస్తున్నాయి? టీ చల్లారిపోతోందని చెప్పడానికి.

గాలి ఉప్పగా ఉంది. పెదవులు నాకితే ఉప్పు. రాళ్ళన్నీ ఎండకి కాగి ఇప్పుడు మెల్లగా వేడి వదులుతున్నాయి, వీపుకి హాయిగానే ఉంది, ఈ గోడకి జారబడి ఇలాగే నిద్రపోతే ఎవరైనా లేపుతారా? లేపుతారు, సంచుల కోసం. ఇందాక మెట్లెక్కబోయే ముందు గైడు అందరినీ ఆ దిడ్డి దగ్గర నిలబెట్టాడు. అదిగో, ఎడమ పక్కన, వంగితే తప్ప దూరలేని చిన్న తలుపు, కోటకి వెనక దారి. నీళ్ళు మోసేవాళ్ళూ చాకలివాళ్ళూ అందులోంచి వచ్చిపోయేవాళ్ళట. శత్రువులు పదకొండు నెలలు చుట్టుముట్టి కూర్చున్నా ఒక్క రాయి కదలలేదట, కదిలింది మనిషేనట. ఈ దిడ్డికి కాపలా ఉన్నవాడు ఒక సాయంత్రం గడియ తీశాడు, అంతే, కోట పోయింది. "ద్రోహి! వాడి పేరు కూడా చరిత్రలో మిగల్లేదండీ. ఇక్కడికొచ్చిన వాళ్ళంతా ఈ తలుపులో తల పెట్టి ఒకసారి ఛీ అనాలి. అనండి!" అన్నాడు గైడు, రోజుకి ఆరుసార్లు అనే గొంతుతో. అందరూ ఛీ అన్నారు. లోపల గూడులా ఉందేమో, ఆ ఛీ గుండ్రంగా తిరిగి మళ్ళీ వాళ్ళ మొహాల మీదికే వచ్చింది. అందరికన్నా గట్టిగా అన్నది పదిహేను. అని, అది తిరిగొస్తే కడుపు పట్టుకుని నవ్వింది, "చూడక్కా, వాడు కూడా మనల్ని ఛీ అంటున్నాడు!" అని. ఆమె అనలేదు. దగ్గు వచ్చినట్టు చేసింది. పదకొండు నెలలు. పదకొండు నెలలు ఒకే తలుపు ముందు నిలబడ్డవాడి కాళ్ళ సంగతి గైడు చెప్పలేదు. తీసినవాడు వాడేనని ఎవరు చూశారు? వాడి తలుపు కాబట్టి వాడి పేరు పడి ఉంటుంది. ఆ సాయంత్రం వాడి బదులు ఇంకొకడు నిలబడ్డాడేమో, నువ్వెళ్ళిరా, నీ పిల్లకి జ్వరం కదా, నేను చూస్తాలే అని. ఆ ఇంకొకడు మూడు దాటితే చూపు ఆననివాడేమో. చీకట్లో వచ్చింది మనవాళ్ళేననుకుని తీశాడేమో. తర్వాత నోరు మూసుకుని బతికేశాడేమో. పెళ్ళాంపిల్లలతో, ముసలితనం దాకా. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఛీ అంటే తనూ గొంతు కలిపి.

ఛీ.

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. అదే భయం, ఏమీ కాదు. సోమవారం కాగితం వెళ్తుంది, మంగళవారం పదిహేను టేబులు ఖాళీ అవుతుంది, బుధవారం ఇంకో పిల్ల వస్తుంది, దాన్నీ పదిహేను అంటారు. రబ్బరు ముద్ర మారదు, చెయ్యి మారుతుంది. అసలు పదిహేనుకి అనుమానం వస్తుందా? ఆ రోజు తన బండిళ్ళు చూసిందెవరో దానికి తెలుసు. తెలిసీ నోరు విప్పదు, విప్పితే పార్సిలు గేటు సంగతి బయటపడుతుంది, ముసలి వాచ్‌మన్ ఉద్యోగం పోతుంది. అన్నిటికన్నా ముందు, అది అక్కని చూపించి వేలెత్తే మనిషి కాదు. ఎలా చూసినా గోడే. ఎంత బాగా కట్టుకుంది ఈ గోడ, తన చుట్టూ, తనకి తెలీకుండానే. చెప్తే? చెప్తే కళ్ళ డాక్టరు దగ్గరికి పంపుతారు, ఆయన ఒక కాగితం రాస్తాడు, ఆ కాగితంతో చెకింగ్ హాల్లోంచి పంపేస్తారు. పంపేస్తే ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలి? పప్పులో రాళ్ళేరడానికీ కళ్ళు కావాలి. పద్నాలుగు అని ఎవరూ పిలవని ఇంట్లో, చెవులు వినబడని మనిషి ఎదురుగా. అలసిపోయాను బాబూ, అనుకుంది. ఎవర్ని బాబూ అందో తెలీదు. అలసట అంటే కాళ్ళది కాదు, మోకాళ్ళది కాదు. రోజూ మధ్యాహ్నం మూడు నుంచి ఆరున్నర దాకా కనబడుతున్నట్టు కూర్చోవడం. మెడ వంచి, కనుబొమలు ముడిచి, బట్టని వెలుగుకెత్తి, ఆఁ బాగుంది అని తలూపడం. చూడ్డం కష్టం కాదు. చూస్తున్నట్టు ఉండటం కష్టం.

ఒళ్ళోని సంచుల్లో ఒకదాని పట్టీ దగ్గర దారప్పోగు వేలాడుతోంది. కనబడలేదు, చేతికి తగిలింది. ఎవరి సంచో ఏమో గానీ వేలాడే దారం చూస్తే ఊరుకోలేదు ఆమె చెయ్యి. చుట్టాలింటికి వెళ్తే సోఫా గుడ్డ మీది పోగులు కత్తిరించి వచ్చే మనిషి. పళ్ళతో కొరకబోయి, ముందుపన్ను ఊగుతున్న సంగతి గుర్తొచ్చి, పదిహేను సంచిలో చెయ్యి పెట్టింది. దాని కత్తెర దాని సంచిలోనే ఉంటుంది, పెళ్ళికెళ్ళినా ఉంటుంది. చిన్నది, పిడికి ఎర్రదారం చుట్టి ఉన్నది. ఎవరూ పొరపాటున తీసుకోకూడదని ఆ ఎర్రదారం. తీసుకున్నా ఎవరికీ తెగదు, అది ఎడమచేతి కత్తెర. పదిహేనుది ఎడమచేతి వాటం. బళ్ళో టీచరు స్కేలుతో ఎడమ చేతి మీద కొట్టీ కొట్టీ స్కేలు విరిగిందట గానీ చెయ్యి మారలేదట. ఆమె మర్చిపోయి కుడిచేత్తో పోగు మీద వేసి నొక్కింది. దారం రెండు అంచుల మధ్య పడుకుని, నలిగి, మళ్ళీ లేచింది. ఇంకోసారి. మళ్ళీ నలిగింది. చిరాకేసి ఎడమచేతిలోకి మార్చింది. చెయ్యి వంకరపోయినా పోగు టక్కున తెగింది.

తెగిన పోగుని రాళ్ళ సందులో దోపుదామని వెనక్కి చెయ్యి పెట్టింది. అలా పెట్టిన చెయ్యి గోడ మీదే ఉండిపోయింది. రాయి నున్నగా లేదు. ఉలిగాట్లు, సన్నగా, దగ్గర దగ్గరగా, ఏటవాలుగా. వానలో గొడుగు లేకుండా నిలబడి చూస్తే చినుకులు పడే వాలు. ఎన్ని వందలేళ్ళ కిందటి చెయ్యో. ఒక రాయి, పక్క రాయి, దాని కింది రాయి, అన్నిట్లోనూ అదే వాలు, పైన కుడి నుంచి కింద ఎడమకి. వేలు వాటి మీద నడుస్తూ పోయింది, ఊరికే, హాల్లో కుట్టు మీద నడిచినట్టే, మనసు ఎక్కడో ఉండగా. నడుస్తూ నడుస్తూ ఒక్క పిసరు జారింది. ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ చూసింది. ఇక్కడ గాట్లు ఇటు వాలి లేవు. అటు వాలాయి. ఒకటి కాదు, ఆరు రాళ్ళు, పక్కపక్కనే, ఒక చాప వేసినంత మేర, ఎదురు వాలు. గైడు ఏమన్నాడు, ఒక్క రాయి కదలలేదని కదూ. కదిలింది నాయనా. ఇక్కడ గోడ పడింది, పడితే ఎవరో వచ్చి కట్టారు. వచ్చినవాడిది ఎడమచేతి వాటం. మొదటి పనివాడికి చెప్పాడో లేదో, గోడ నిలబెట్టేసి పోయాడు, కళ్ళున్నవాళ్ళెవరూ చూడలేదు ఇన్నాళ్ళూ. పట్టుకున్నావే, అని తనని తనే మెచ్చుకోబోయింది. మెచ్చుకోలు సగంలో ఆగిపోయింది.

మడతలు. ఆమె చొక్కా మడిచేటప్పుడు చొక్కా కుడి చెయ్యి ముందు వేస్తుంది, దాని మీద చొక్కా ఎడమ చెయ్యి. ఇరవై రెండేళ్ళు, లక్షల చొక్కాలు, ఒకటే మడత. వానలు మొదలైనప్పటి నుంచి తన కుప్పలో అక్కడక్కడ ఎడమ చెయ్యి ముందు మడిచినవి కనబడుతున్నాయి. తన కుప్పలో, తన ముద్ర కింద, రోజుకి పదో పన్నెండో, కొన్ని రోజులు ఇరవై. ప్యాకింగు పిల్లల్ని తిట్టింది కూడా, నా కుప్ప ఎందుకు కెలుకుతున్నారే అని. వాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు. సరే, వయసు మీద పడుతోంది, చెయ్యి తిరగబడుతోందేమో అనుకుంది. టీ. సాయంత్రం నాలుగున్నర టీ. పదిహేను నిమిషాల విరామం, ఆ పిల్లకి మాత్రం అయిదు నిమిషాలు చాలు. పొగలు కక్కే టీ గొంతులో ఒంపుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, నేను పోతున్నా అక్కా అని లేచేది. "నాలుక కాలుద్దే పిచ్చిదానా, హాలేం పారిపోదు" అంటే "నాకు వేడిదే ఇష్టం" అనేది. ఇదివరకు చల్లార్చుకుని, బిస్కెట్టు ముంచుకుని, గంట మోగినా కదిలేది కాదే. వానలు మొదలయ్యాకే కదూ నాలుక మీద ప్రేమ పోయింది. పది నిమిషాలు. ఎవరూ లేని హాల్లో పది నిమిషాలు, తన కుప్ప ముందు, ఎర్రదారం కత్తెరతో. ఆరున్నర గంట కొట్టాక కూడా, నువ్వు పద అక్కా, నా సంచి సర్దుకుని వస్తా అని. ఆ సంచిలో ఏముందని రోజూ పావుగంట సర్దడానికి? ఈ సంచేగా. కత్తెర, దువ్వెన, పాప ఫోటో, ఒక చాక్లెట్టు కాగితం. ట్యూబులైటు రోజున నవ్వకపోవడం. ఒక్కొక్కటీ వచ్చి గోడలో కూర్చుంటోంది, ఎదురు వాలుతో. ఆర్నెల్లు. ఆర్నెల్లుగా తన గోడ పడుతూనే ఉంది, ఎవరో కడుతూనే ఉన్నారు, ఆమె పద్నాలుగు పద్నాలుగు అని ముద్ర కొట్టుకుంటూ కూర్చుంది. ఒక్క రోజు, ఆ ఒక్క సాయంత్రం, కట్టే మనిషి లేదు. దానికి తను ఉపకారం చేస్తున్నాననుకుంది. నీ బండిళ్ళు నేను చూస్తా, అంది. నేను. చూస్తా.

"గాలి అక్కా! ఒట్టి గాలి! దీనికోసమా నూట ఎనభై మెట్లు!" అందరికన్నా ముందు దిగొచ్చింది పదిహేను, మొహం ఎర్రగా కందిపోయి, జుట్టు నాలుగు వైపులా లేచి. ఆమె పక్కన కూలబడి, మూత బిగించని సీసా ఎత్తి గటగటా తాగింది. "నీ వంతు కూడా చూశాలే. నీ వంతులో ఒక ఓడ వచ్చింది, నా వంతులో ఏమీ లేదు. అదిగో, ఇక్కణ్ణించి కూడా కనబడుతోంది, చూడు."

ఆమె అటు చూసింది. తెలుపు.

"కనబడట్లేదే" అంది.

అంత మామూలుగా వచ్చింది ఆ మాట. ఆర్నెల్లు నోట్లో దాచుకున్న రాయి, గింజ ఊసినట్టు వచ్చేసింది. ఓడ వైపు చాచిన పదిహేను వేలు మెల్లగా ముడుచుకుంది.

"నా కుప్ప ఎన్నాళ్ళుగా చూస్తున్నావే?"

"ఏ కుప్పక్కా?"

"అబద్ధం ఆడేటప్పుడు నీ గొంతు సన్నబడుద్ది. ఎన్నాళ్ళుగా?"

పదిహేను సీసా మూత బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది, ఎడమచేత్తో. "వానలప్పట్నించి. తిట్టకక్కా. నువ్వేం పెద్ద తప్పులు చెయ్యట్లేదు. రోజుకి రెండో మూడో పోతాయంతే. తెల్లవైతే ఇంకాస్త. నేను ఊరికే, చేతులు ఖాళీగా ఉన్నాయి కదాని."

"నాలుక కాల్చుకుని మరీ ఖాళీ చేసుకున్నావు చేతులు."

"నేను కొత్తగా చేరినప్పుడు నా కుప్ప నువ్వు మళ్ళీ చూడలేదేంటి? మూడు నెలలు! ఎడమచెయ్యిదాన్ని పెట్టుకోమని పైవాళ్ళు అంటే నువ్వే కదా..." అని ఆగి, మోచేత్తో పొడిచింది. "అయినా నేను లేకపోయినా నువ్వు నెట్టుకొచ్చేస్తావక్కా. మొన్న పాపకి జ్వరమొచ్చిన రోజు నేను లేనుగా, రెండు టేబుళ్ళూ నువ్వే చూశావు, ఏమైంది? ఏమీ కాలేదుగా."

అంది. నవ్వుతూ అంది. ఒళ్ళోంచి తన సంచి తీసుకుని, పాప ఫోన్ చేసిందేమో చూసుకుంటూ, రేపు సోమవారమన్న మాటే మనసులో లేని మొహంతో అంది. ఆమె ఆ మొహాన్ని చూసింది. మరీ దగ్గరగా ఉంది కాబట్టి మసక లేకుండా కనబడింది, చెంప మీద ఉప్పుగాలి గీత కూడా.

తర్వాత అందరూ దిగొచ్చారు, ఎవరి సంచి వాళ్ళు లాక్కున్నారు, "ఏంటక్కా నా సంచి పోగు కత్తిరించావా, కూలీ ఎంత?" అంది ఒకతె. ఒళ్ళు తేలికైంది గానీ లేవడానికి ఇద్దరు చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. దిడ్డి పక్కనుంచి పోతుంటే వేరే బస్సు జనం, వేరే గైడు, ఛీ, తిరిగొచ్చిన ఛీ. ఆమె ఆగి ఆ చిన్న తలుపు చెక్క మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, ఏమీ అనకుండా నడిచింది. పార్సిలు గేటు మాట ఎత్తను, అనుకుంది. అది నాతోనే పోనీ. కార్డు కొట్టింది పదిహేనే, ఆ రోజంతా తన పక్కనే ఉంది, ఎవరైనా అడిగితే అంతే. ముద్ర తను తీసుకుంది, అడక్కుండా తీసుకుంది, దానికి తెలీదు. అబద్ధం ఎక్కడ కుట్టాలో, నిజం ఎక్కడ విప్పాలో బట్ట పరిచినట్టు కనబడుతోంది, ఈ ఒక్కటీ మసక లేకుండా. చెప్పాక ఏమవుతుందో దాని గురించి ఆలోచించడానికి ఓపిక లేదు. ఓపిక అయిపోవడం కూడా ఒకందుకు మంచిదే, భయపడటానికీ ఓపికే కావాలి మరి.

బస్సు తలుపు దగ్గర టేపు సారు కాగితం పట్టుకుని నిలబడ్డాడు, మెడలో టేపు గాలికి ఎగురుతోంది. ఎక్కేవాళ్ళని పేర్లతో కాదు, నంబర్లతోనే పిలుస్తున్నాడు. పదకొండు. ఎక్కింది. పన్నెండు. పదమూడు రాలేదు, మూత్రశాలకి పోయింది, వస్తోంది. పదిహేను అప్పటికే ఎక్కేసి కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, నీకు కిటికీ సీటు ఆపాను, తొందరగా రా!" అని అరుస్తోంది. ఇంజను అదురుతోంది. ఇంట్లో ఆయన ఇక్కడుంటే ఈ చప్పుడొక్కటీ వినబడేది పాపం, అనుకుంది.

"పద్నాలుగు."

"ఆఁ సార్."

"ఎక్కు మరి. పదిహేను?" అన్నాడు కాగితం మీంచి తలెత్తకుండా. కిటికీలోంచి పదిహేను నోరు తెరిచే లోపల ఆమె పలికింది.

"అది కూడా నేనే సార్. తెల్లకోట్ల రోజు."

టేపు సారు తలెత్తాడు. పెన్ను కాగితం మీద ఆగిపోయింది. అర్థం కాలేదో, అర్థమై నమ్మలేదో, ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఒక చేత్తో బస్సు కడ్డీ పట్టుకుని, మెల్లగా, మోకాళ్ళు కిర్రుమంటుండగా, ఎక్కకుండా, బస్సు మొదటి మెట్టు మీదే కూర్చుంది.

"కూర్చుని చెప్తాను, కాళ్ళు లాగుతున్నాయి" అంది. "ముద్ర ఆ పిల్లది సార్. కళ్ళు నావి."